ముందు గీత, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్

సంపాదకుని గారికి,

ఇంటర్ పూర్తిచేసి త్రీడీ యానిమేషన్ నేర్చుకోవాలని వచ్చే పిల్లలూ, వారి తల్లిదండ్రులూ మొదట అడిగేది 'మాయా నేర్పుతారా, బ్లెండర్ నేర్పుతారా' అని, అంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారని. ఈ పాఠాలు చెప్పే నాకు ఆ ప్రశ్న విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. ఒకనాడు పెద్ద స్టూడియోలు నమ్ముకున్న సాఫ్టిమేజ్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌ను దాని యజమాని సంస్థ ఆటోడెస్క్ నిలిపివేస్తున్నట్టు 2014లో ప్రకటించింది. దాని మెనూలు తప్ప మరేమీ తెలియనివారి గతి ఏమిటి?

నీళ్లబిందెను చంకనెత్తుకున్న స్త్రీ నడుము ఒకవైపు వంగుతుంది, రెండో చెయ్యి దూరంగా జరుగుతుంది, అడుగు బరువుగా పడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల్లో ఆ బరువును చూపించడం ఏ మీట నొక్కినా రాదు. వీధిలో నిలబడి చూసి, కాగితం మీద గీసి, మళ్లీ చెరిపి గీస్తేనే వస్తుంది. డిస్నీ చిత్రకారులు పెన్సిల్‌తో పనిచేసిన కాలంలో రూపుదిద్దుకున్న 12 యానిమేషన్ సూత్రాలు నేటి కంప్యూటర్‌లోనూ చెల్లుతున్నాయి. పాత్రల త్రీడీ రూపాలను కంప్యూటర్‌లో మలిచే మోడలింగ్‌లోనూ అంతే: కంటి చుట్టూ, నోటి చుట్టూ ముఖం ఉపరితలంగా అమరే చిన్న చిన్న బహుభుజుల వరుసలు వలయాలుగా సాగకపోతే, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా ఆ ముఖం నవ్వినప్పుడు చెంప వికారంగా నలుగుతుంది.

సాఫ్ట్‌వేర్ అక్కర్లేదని నా వాదన కాదు. ఉద్యోగానికి అది కావాలి, బ్లెండర్ అయితే ఉచితంగానే దొరుకుతుంది. కానీ శిక్షణ సంస్థలు తొలి మూడు నెలలైనా బొమ్మలు గీయడానికి, బంకమట్టితో రూపాలు చేయడానికి కేటాయించాలి. తల్లిదండ్రులు కూడా ఫీజు కట్టేముందు అక్కడి పాత విద్యార్థుల స్కెచ్ పుస్తకాలు చూపించమని అడగాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక యానిమేషన్ శిక్షకుడు,
హైదరాబాద్