నీ బొమ్మలో కదలని కణం

ప్రియమైన చిత్రగుప్తా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. కారణాలు చెప్పడం మొదలుపెడితే నువ్వు తరగతిలో నా మూడో బల్ల సంగతి ఎత్తుతావు కనుక వాటి జోలికి పోను. ఇక్కడ అందరం క్షేమం, పనులు ఎప్పటిలాగే ఉన్నాయి, నా దగ్గు తగ్గింది. ఇక అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు, చెబితే విసుక్కోకుండా చివరిదాకా వినేవాడివి నువ్వొక్కడివే.

జీవకణం లోపల ప్రవాహాన్ని కళ్లారా చూశాను!

మొన్న సాయంత్రం హైడ్రిల్లా అనే నీటిమొక్క నుంచి ఒక ఆకు తుంచి, స్లైడు మీద నీటిబొట్టులో పరచి, కవర్ స్లిప్ కప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఆ ఆకు మందం చాలావరకు రెండు కణాలే కాబట్టి, పలుచని కోతలు కోసే శ్రమ లేకుండానే వెలుతురు దాని గుండా వచ్చేస్తుంది. మొదట కనిపించింది నువ్వు మా అందరి రికార్డుల్లో గుట్టుగా గీసిపెట్టిన బొమ్మే: అంచులు కలిపి పేర్చిన పొడవాటి కణాలు, వాటి గోడల వెంబడి ఆకుపచ్చని హరితరేణువులు, నడుమ ఏమీ లేనట్టు కనిపించే రిక్తిక, అంటే కణంలోని నీటి సంచి. దీపం వేడికి నీరు కాస్త వెచ్చబడిన తరువాత, నడిమి ఈనెకు దగ్గరగా ఉన్న ఒక కణంలో ఒక రేణువు జరిగింది. దాని వెనకున్నదీ జరిగింది. కొంతసేపటికి ఆ కణంలోని రేణువులు గోడను ఆనుకుని ఒకదాని వెంట ఒకటి చుట్టూ తిరగసాగాయి. మూల దగ్గరికి రాగానే ఇరుకు సందు మలుపులో బండ్లు ఆగినట్టు నాలుగైదు ఒకచోట పోగుపడి, వాటిలో ఒకటి పక్కకు ఒరిగి దారి ఇస్తే, మిగిలినవి జారుకుని మళ్లీ వేగం అందుకుంటున్నాయి. పక్కకు ఒరిగినప్పుడు ఆ రేణువు బిళ్లలా కాక సన్నని గీతలా కనిపిస్తుంది, అంటే నువ్వు ఎప్పుడూ గుండ్రంగానే గీసిన హరితరేణువు నిజానికి చదునైనది.

నువ్వు వెంటనే "గాలి మాట" అంటావని నాకు తెలుసు. కవర్ స్లిప్ కింద నీరు పారుతున్నదేమో, దానితోపాటు ఇవీ కొట్టుకుపోతున్నాయేమో అని నాకూ అనుమానం రాకపోలేదు. కాని రెండు కణాల ఉమ్మడి గోడ దగ్గర చూస్తే ఆ అనుమానం నిలవదు; గోడకు ఇటువైపు రేణువులు పైకి పోతుంటే అటువైపువి కిందికి పోతున్నాయి. బయటి నీరు ఒకే చోట రెండు దిక్కులకు పారదు కదా. పోనీ, నీటి అణువుల తాకిడికి సన్నని నలుసులు కంపించే బ్రౌనియన్ చలనం అందామా అంటే, దానికి ఒక దిక్కంటూ ఉండదు. ఒక్క విషయంలో మాత్రం నీ అనుమానానికి నేనే సాయం చేస్తాను: 400 రెట్లు పెద్దదిగా చూపే కటకం వేగాన్ని కూడా 400 రెట్లు పెంచి చూపుతుంది, కాబట్టి నాకు పరుగులా కనిపించింది నిజంలో సెకనుకు కొద్ది మైక్రోమీటర్ల నడకే.

నా మనసుకు కష్టం కలిగించినది ఏమిటంటే, ఇది కొత్త సంగతి కానే కాదు. రాబర్ట్ హుక్ 1665లో బెండు ముక్కలో చూసి పేరు పెట్టినవి చచ్చిన కణాల ఖాళీ గోడలు. ఇటలీకి చెందిన బొనవెంతురా కోర్తి నీటిమొక్క కణంలో ఈ ప్రవాహాన్ని 1774లోనే గమనించాడు. రాబర్ట్ బ్రౌన్ కేంద్రకానికి ఆ పేరు పెట్టింది 1831లో, జీవులన్నీ కణాలతోనే ఏర్పడ్డాయనే కణ సిద్ధాంతం వచ్చింది 1838-39లో. అంటే కేంద్రకానికి పేరు పెట్టడానికి 57 ఏళ్ల ముందే కణం లోపలి కదలికను ఒక మనిషి చూశాడు. అయినా మనకు మొదటి పేజీలో ఇచ్చింది బాణం గుర్తులతో నిశ్చలంగా ఉన్న బొమ్మ, పరీక్షలో అడిగింది ఆ బాణాల పేర్లు. గుండ్రం సారు మన చేత ఎన్ని వృత్తాలు దిద్దించారో... సరే, ఆయన సంగతి మరోసారి.

రేణువులు తమంతట తాము ఈదడం లేదు. గోడను ఆనుకుని ఉన్న కణద్రవ్యంలో ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పట్టాల్లా పరచుకుని ఉంటాయి, వాటి మీద మయోసిన్ అణువులు కణాంగాలను లాక్కుంటూ పోతుంటే, చుట్టూ ఉన్న ద్రవం కూడా వాటి వెంట ఈడ్చుకుపోతుంది. ప్రతి అడుగుకూ ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు, ఖర్చవుతుంది. మన కండరాలు సంకోచించేది కూడా ఇదే ఆక్టిన్, మయోసిన్ జంటతో అని గుర్తుకు వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఇంత ఖర్చు దేనికి అన్న ప్రశ్నకు జవాబు విసరణ, అంటే అణువులు వాటంతట అవి వ్యాపించడం, లెక్కలో ఉంది. చక్కెరలాంటి చిన్న అణువు నీటిలో దానంతట అది వ్యాపించి 10 మైక్రోమీటర్ల దూరం చేరడానికి దాదాపు సెకనులో పదో వంతు చాలు, కాని ఒక సెంటీమీటరు చేరడానికి ఒక రోజుకు పైగా పడుతుంది, ఎందుకంటే దూరం పది రెట్లయితే కాలం నూరు రెట్లవుతుంది. మామూలు కణాలు అంత చిన్నవిగా ఉండటానికి ఇదొక గట్టి కారణం. కారా అనే నీటిమొక్కలో ఒక్కొక్క కణం కొన్ని సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, అది విసరణను నమ్ముకుని కూర్చుంటే బతకలేదు, అందుకే దానిలో ప్రవాహం అంత ఉధృతంగా ఉంటుంది. ఇక మన సంగతి చూడు. వెన్ను నుంచి పాదం దాకా సాగే నాడీకణపు పోగు దాదాపు మీటరు ఉంటుంది, ఆ దూరం విసరణతో చేరాలంటే చిన్న అణువుకైనా 30 ఏళ్లు పడుతుంది. అక్కడ కైనెసిన్ అనే ప్రోటీన్ సూక్ష్మనాళికలనే సన్నని గొట్టాల మీద 8 నానోమీటర్ల చొప్పున అడుగులు వేస్తూ సరుకు మోస్తుంది, వేగంగా పోయే సరుకు రోజుకు 400 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. మీటరుకు రెండున్నర రోజులు! ఈ వాక్యం రాస్తుండగా నా కాలి బొటనవేలి మీద ఉన్నట్టుండి ఎంతో గౌరవం కలిగింది.

తరువాత అదే ఆకు మీద ఉప్పునీరు ప్రయోగించాను. కవర్ స్లిప్‌కు ఒక అంచున ఉప్పునీటి బొట్టు వేసి, రెండో అంచున అద్దుడు కాగితం ఆనించాను. రిక్తికలోని నీరు బయటికి పోతున్నకొద్దీ లోపలి పదార్థమంతా గోడను వదిలి, ముడుచుకుని, ఆకుపచ్చని ముద్దయింది. గోడ మాత్రం ఉన్నచోటే ఉన్నది. కణాన్ని కాపలా కాసే ప్లాస్మాపొర మందం 7, 8 నానోమీటర్లే, కాంతి సూక్ష్మదర్శిని విడదీసి చూపగల దూరమేమో 200 నానోమీటర్ల వరకే, కాబట్టి ఆ పొరను ఈ పరికరంతో ఎంత గుచ్చి చూసినా దాని మందం తెలియదు. అయినా ముద్ద అంచు నున్నగా, తెగకుండా ఉండటం చూస్తే పొర ఎక్కడున్నదో ఇట్టే తెలిసిపోతుంది. నీటిని పోనిచ్చి ఉప్పును ఆపుతున్నది ఆ అంచే. తిరిగి మంచినీరు పోస్తే ముద్ద విచ్చుకుని గోడ దాకా వచ్చింది, కాని ప్రవాహం మళ్లీ

ఇప్పుడే పిలుపు వచ్చింది, బయలుదేరాలి, ఈ కవరు దారిలోనే డబ్బాలో వేస్తాను. కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఎందుకున్నదో అన్నది ఇంకా మొదలే పెట్టలేదు. నువ్వు చూసేటప్పుడు లేత చివురు ఆకు వద్దు, ముదురు ఆకు తీసుకో, దీపం కాసేపు వెలగనివ్వు.

నీ
మూడో బల్ల