విల్పీనా పౌండ్‌లో మా పాపను మోసుకొచ్చిన వాళ్లకు

అందరికీ నమస్కారం. జులై స్కూలు సెలవుల్లో ఆస్ట్రేలియాలో మేముండే అడిలైడ్ నుంచి ఫ్లిండర్స్ రేంజెస్ కొండలకు, అక్కడి విల్పీనా పౌండ్ చూడటానికి కారులో వెళ్లాం. నేను, మావారు, పిల్లలిద్దరు, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు. అక్కడ మాకు సాయం చేసినవాళ్లలో చాలామంది పేర్లు తెలియవు. టెన్షన్‌లో అడగడం తట్టలేదు. వాళ్లను ఎరిగినవాళ్లు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

అడిలైడ్‌కు ఉత్తరంగా 430 కిలోమీటర్ల దూరం. దారిలో హాకర్ అనే చిన్న ఊరు దాటాక ఎర్రమట్టి, బూడిదరంగు పొదలు, రోడ్డు పక్కన ఈమూలు తప్ప ఏమీ కనిపించవు. విల్పీనా పౌండ్ అంటే చుట్టూ కొండలు కోటగోడలా నిలబడ్డ లోయ. అద్న్యమథన అనే ఆదివాసీ ప్రజల నేల అది, వాళ్లు దాన్ని ఇకారా అంటారు. లోపలికి వాగు వెంట, పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్ల కింద నడిచి వెళ్లాలి. వందేళ్ల కిందట హిల్ అనే కుటుంబం అక్కడ గోధుమ పండించాలని చూసింది. 1914 వరదల్లో వాళ్లు వేసుకున్న బాట కొట్టుకుపోయింది, దాంతో వ్యవసాయం వదిలేశారు. వాళ్ల ఇల్లు ఇంకా ఉంది. "ఈ కొండల్లో గోధుమేమిటే వీళ్ల మొహం" అంటూ అత్తగారు అక్కడే కూర్చుండిపోయారు. మేం నలుగురం లోయంతా కనిపించే వంగారా లుకౌట్ ఎక్కాం.

దిగేటప్పుడు రాళ్లు జారి మా పెద్దదాని కాలు మడతపడింది. తొమ్మిదేళ్ల పిల్ల. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది. మా ఫోన్లలో సిగ్నల్ లేదు. మావారు కొంత దూరం ఎత్తుకున్నారు కానీ ఆ మెట్ట రాళ్ల మీద ఇద్దరూ కలిసి పడిపోతారేమోనని నాకు గుండె దడ. అక్కను చూసి చిన్నాడు కూడా ఏడుపు మొదలెట్టాడు.

వెనకే దిగుతున్న ఒక పెద్దావిడ ఆగారు. రిటైరైన నర్సట. ఆవిడ వెంటనే కాలు పట్టుకోలేదు. ముందు పాప పక్కన కూర్చుని పేరు అడిగారు, ఏం చదువుతోందో అడిగారు. తర్వాత కాలివేళ్లు కదపమన్నారు, గోరు నొక్కి వదిలి రక్తం తిరిగి వస్తోందా అని చూశారు. బ్యాగులోంచి పాము కాటుకు కట్టే సాగే బ్యాండేజ్ తీశారు. ఇక్కడ అడవుల్లో నడిచేవాళ్లు చాలామంది దాన్ని వెంట ఉంచుకుంటారు. దాని మీద దీర్ఘచతురస్రాలు అచ్చువేసి ఉంటాయి. సరిగ్గా బిగిస్తే అవి చతురస్రాలవుతాయి. బెణుకుకు అంత బిగువు అక్కర్లేదని చెబుతూ వదులుగా కట్టారు. ఫార్మసీల్లో దొరుకుతుంది, ఫ్లిండర్స్ వెళ్లేవాళ్లు ఒకటి కొనుక్కోండి.

అప్పటికి ఇద్దరు కుర్రాళ్లు కింద నుంచి ఎక్కుతూ వస్తున్నారు. మమ్మల్ని చూసి, పైకి వెళ్లడం మానేసి వెనక్కి తిరిగారు. పాపను ఉప్పుమూట ఎత్తుకుని వంతులవారీగా మోశారు. ఒకడు మోస్తుంటే రెండోవాడు ముందు నడుస్తూ, ఏ రాయి కదులుతుందో కాలితో తొక్కి చూసి చెప్పేవాడు. "నువ్వు పైన ఉన్నావు కదా, కంగారూలు కనిపిస్తే చెప్పాలి, అది నీ డ్యూటీ" అన్నారు పాపతో. అంతే, ఏడుపు ఆగింది. ఆ ఇంటి దాకా అనుకున్నాం, వాళ్లు షటిల్ బస్సు ఆగేచోటు దాకా వదల్లేదు. అత్తగారు నర్సుగారి రెండు చేతులూ పట్టుకుని తెలుగులో ఏదేదో చెప్పారు, ఆవిడ ఇంగ్లీషులో జవాబిచ్చారు, ఇద్దరూ తల ఊపుకున్నారు. మా పులిహోర ముగ్గురికీ పెట్టాం. ఎండుమిర్చిని పక్కన పెట్టమని చెప్పేలోపే ఒక కుర్రాడు నమిలేశాడు. తమ్ముడూ, దానికి మాత్రం సారీ.

విజిటర్ సెంటర్‌లో ఐసు ఇచ్చి, పోర్ట్ అగస్టా ఆసుపత్రికి వాళ్లే ఫోన్ చేశారు. చలికాలం, అయిదున్నర కాకముందే పొద్దు వాలిపోతుంది. ఆ వేళకే కంగారూలు రోడ్డెక్కుతాయి. మాది మామూలు చిన్న కారు. ఇది విన్న ఒకాయన, తనది పోర్ట్ అగస్టా దారిలోని క్వార్న్ అనే ఊరని, తన వెనకే రమ్మన్నారు. జంతువులు గుద్దుకున్నా తట్టుకునేలా ముందు బుల్ బార్ అనే ఇనుప కమ్మీలున్న యూట్ (పికప్ బండి) ఆయనది. హాకర్ మీదుగా క్వార్న్ దాకా, ఎనభై దాటకుండా, మేం వెనకబడితే తగ్గిస్తూ తీసుకెళ్లారు. క్వార్న్‌లో సెలవన్నట్టు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పక్క వీధిలోకి తిరిగిపోయారు. దిగి థాంక్స్ చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు.

ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. ఇప్పుడు పాప స్కూలుకు వెళ్తోంది, పరుగు మాత్రం ఇంకొన్నాళ్లు వద్దన్నారు.

ఇక మన తెలుగు వాట్సాప్ గ్రూపు. సిగ్నల్ రాగానే "పోర్ట్ అగస్టాలో ఎవరైనా ఉన్నారా" అని పెట్టాను. మేం ఆసుపత్రికి చేరేసరికి ఒక జంట గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. అంతకుముందు మొహం కూడా చూసినవాళ్లం కాదు. చిన్నాణ్నీ అత్తగారినీ వాళ్లింటికి తీసుకెళ్లి అన్నం పెట్టి పడుకోబెట్టారు. అర్ధరాత్రి మేం వెళ్తే వేడివేడి చారు, వేయించిన వడియాలు. పొద్దున బయల్దేరుతుంటే పెరుగన్నం స్టీలు డబ్బాలో పెట్టి కారులో పెట్టారు. అక్కా, ఆ డబ్బా మా దగ్గరే ఉంది. ఖాళీగా ఇవ్వకూడదని అత్తగారు అప్పుడే సున్నుండలకు మినప్పప్పు వేయిస్తున్నారు. వచ్చే ఆదివారం ఇంట్లో ఉంటారా?