టోడీలు పూల తేనె మీద బతికే పిట్టలు కావు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలోని పిల్లల పేజీలో కరీబియన్ దీవుల టోడీ పిట్ట గురించి ప్రచురించిన చిన్న వ్యాసం చదివాను. మన పత్రికల్లో ఆ పిట్ట ప్రస్తావన రావడమే అరుదు కనుక ముందుగా అభినందనలు. అయితే అందులో టోడీని హమ్మింగ్‌బర్డ్ కుటుంబానికి చెందినదిగా, పూల తేనె తాగి బతికేదిగా రాశారు. పక్కన వేసిన బొమ్మలో కూడా అది మందార పువ్వులో ముక్కు పెట్టి కనిపించింది. వర్గీకరణలో దొర్లిన చిన్న తప్పే కదా అని వదిలేయడానికి లేదు. ఆ పిట్టకు ఎక్కడ ముప్పు ఉందో తెలియకుండా చేసే తప్పు ఇది.

టోడీలలో ఉన్నవి ఐదు జాతులే. క్యూబా, జమైకా, ప్యూర్టో రికోలలో ఒక్కొక్కటి, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ పంచుకున్న హిస్పానియోలా దీవిలో రెండు నివసిస్తున్నాయి. బంధుత్వం రీత్యా ఇవి మన లకుముకి పిట్టకు, పసిరిక పిట్టకు, తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్టకు దగ్గరివి. ఆరేడు గ్రాముల బరువు, ఆకుపచ్చని వీపు, ఎర్రని గొంతు చూసి హమ్మింగ్‌బర్డ్ అనుకోవడం సహజమే గానీ, ముక్కు చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. అది పూలలోకి దూరే సూది కాదు. పొడవుగా, పైనుంచి అణచినట్టు చదునుగా ఉండి, అంచుల వెంట సన్నని రంపపు పళ్లున్న పట్టకారు. టోడీ కొమ్మ మీద ముక్కు పైకెత్తి కూర్చుని, తలపైనున్న ఆకుల అడుగు భాగాన్ని గమనిస్తూ ఉంటుంది. పురుగు కంటబడగానే వంపుగా పైకెగిరి, ఆకు కింద నుంచి దాన్ని లాక్కుని, వచ్చిన కొమ్మకు తిరిగి రాకుండా ఇంకో కొమ్మ మీద వాలుతుంది. ప్యూర్టో రికో టోడీ తన పిల్లలకు రోజుకు 140 సార్ల దాకా మేత మోసినట్టు పరిశీలకులు నమోదు చేశారు. అడవిలో పురుగులు తగ్గితే పూలు ఎన్ని పూసినా ఆ గూటిలో ఆకలి తీరదు.

ఇక గూడు సంగతి. టోడీ మట్టి గట్టులో, తరచు దారి పక్కనున్న చిన్న గట్టులోనే, ముక్కుతో తవ్వి కాళ్లతో మట్టి వెనక్కి తోసి, సుమారు అడుగు పొడవున సొరంగం చేసుకుంటుంది. దాని చివర ఉన్న చిన్న గదిలో తెల్లని గుడ్లు పెడుతుంది. ప్యూర్టో రికో టోడీ గుడ్డు ఒక్కొక్కటి తల్లి బరువులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది కనుక, ఒక గూడు పాడైతే తల్లికి కలిగే నష్టం చిన్నది కాదు.

ఆ గూళ్లను కొల్లగొట్టే జంతువుల్లో ఒకటి మన దేశం నుంచే అక్కడికి చేరింది. చెరకు తోటల్లో ఎలుకల బెడద తట్టుకోలేక 1872లో జమైకా తోటల యజమాని విలియం బాంక్రాఫ్ట్ ఎస్ప్యూట్ కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను తెప్పించారు. అవి పెరిగి, జనం చేతుల మీదుగా పొరుగు దీవులకూ పాకాయి. ఎలుకలు ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి, చెట్లూ ఎక్కుతాయి. పగటిపూట నేల మీద వేటాడే ముంగిసకు నేలకు దగ్గరగా ఉన్న పక్షి గూళ్లు తేలికగా దొరికాయి. తప్పు ముంగిసది కాదు, దాన్ని అక్కడికి తెచ్చినవారిది. టోడీలు ఈ రోజు అంతరించిపోయే అంచున ఉన్నాయని నేను అనడం లేదు, అది అతిశయోక్తి అవుతుంది. అడవుల నరికివేతతో పాటు ముంగిస దెబ్బ కూడా తగులుతున్న చోట్ల ఈ పిట్టలకు గూడు నిలుపుకోవడం కష్టమవుతుందన్నది మాత్రం నిజం. తేనె తాగే పిట్టగా పరిచయం చేస్తే మట్టి గట్టు, పురుగులు, ముంగిస, వీటిలో ఏదీ పాఠకుడి దృష్టికి రాదు.

పిల్లలు ఆ పేజీలను కత్తిరించి పాఠశాల ప్రాజెక్టుల్లో అతికిస్తారు. కనుక వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేసి, మందార పువ్వు బొమ్మకు బదులు మట్టి గట్టులోని సొరంగం ముందు పురుగును కరుచుకుని కూర్చున్న టోడీ బొమ్మ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
ఖమ్మం