లాటిన్ పాఠానికి మన విభక్తుల తోడు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన ఆదివారం తెలుగు బడికి వచ్చే పెద్ద పిల్లల్లో కొందరు ఇక్కడి ఇంగ్లండ్ బడుల్లో లాటిన్ చదువుతున్నారు. విభక్తుల పట్టికలు వల్లె వేసినా వాక్యం అర్థం కావడం లేదని బాధపడుతున్నారు. అందుకే వచ్చే మూడు ఆదివారాలు తెలుగు విభక్తులు, భాషాభాగాలు పునశ్చరణ చేయిస్తున్నాం. ఆ పిల్లలు లాటిన్ పుస్తకం కూడా తెచ్చుకోవాలి.

‘కానిస్ హొమినెమ్ మోర్దెత్’ అంటే కుక్క మనిషిని కరుస్తోంది. ‘హొమినెమ్ కానిస్ మోర్దెత్’ అన్నా కరిచేది కుక్కే. ఇంగ్లీషులో వరుస మారితే మనిషే కుక్కను కరుస్తాడు! తెలుగులో ‘మనిషిని కుక్క కరుస్తోంది’ అన్నా అర్థం చెదరదు. మన ‘ని’ చేసే పనే అక్కడ ‘ఎమ్’ చేస్తోంది. ‘మిహి లిబెర్ ఎస్త్’ మరీ ముచ్చటైన వాక్యం. మిహి నాకు, లిబెర్ పుస్తకం, ఎస్త్ ఉంది. మాటకు మాట తెలుగే! దాన్ని ఇంగ్లీషు మీదుగా తిప్పి నేర్చుకోవడం వల్లే పిల్లలు తికమకపడుతున్నారు.

లాటిన్‌లో రాజు ‘రేక్స్’, రాజు యొక్క అంటే ‘రేగిస్’. నిఘంటువు రెండు రూపాలూ ఎందుకు ఇస్తుందని ఒక అమ్మాయి అడిగింది. ఇల్లు ‘ఇంటి’గా, చేయి ‘చేతి’గా, రాయి ‘రాతి’గా మారాకే విభక్తి చేరడం చూపిస్తే వెంటనే గ్రహించింది. మన ఔపవిభక్తికాలు, అంటే ఇలా మారిన పదాల చివర వచ్చే ఇ, టి, తి, ఇంత అక్కరకు వస్తాయి.

అయితే ప్రథమకు ప్రథమ, షష్ఠికి షష్ఠి అని అంకెలు జతపరచవద్దు. మన పట్టికలో కి, కు షష్ఠిలో ఉన్నాయి. లాటిన్‌లో ఆ పని ఎక్కువగా డేటివ్ అనే విభక్తిది. మనం తో, నుంచి, లో అని వేర్వేరుగా చెప్పే అర్థాలు అక్కడ అబ్లేటివ్ అనే విభక్తి ఒక్కదానిలోనే ఒదిగాయి. అర్థాన్ని పట్టుకోవాలి, అంకెను కాదు.

భాషాభాగాల్లో విశేషణం దగ్గర జాగ్రత్త అవసరం. మనకు మంచి అబ్బాయైనా, మంచి అమ్మాయైనా ‘మంచి’ మారదు. లాటిన్‌లో అబ్బాయికి ‘బోనుస్’, అమ్మాయికి ‘బోనా’. పిల్లలు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే.

ఇంట్లో మీరు లాటిన్ నేర్పనక్కరలేదు. చదివిన వాక్యాన్ని తెలుగులో చెప్పమనండి, చాలు. చిన్నపిల్లలు ‘బడి వెళ్తాను’ అంటే కోప్పడకుండా, ‘బడికి వెళ్తావా?’ అని సరైన రూపంతో తిరిగి అడగండి.

మొదటి తరగతి వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు. మీకు వీలుంటే వచ్చి వెనుక వరుసలో కూర్చోండి.

ప్రధానోపాధ్యాయురాలు