కుట్లు బయటికి పెట్టాను

బుజ్జమ్మకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు ఇప్పుడు ఫరవాలేదు. కుట్టు మిషన్‌కి పాత మోటారు తీయించి కొత్తది పెట్టించాను, చప్పుడు బాగా తగ్గింది. చిన్నోడు వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు. అటక మీద నీ పుస్తకాలన్నీ దించి, దులిపి, మళ్ళీ సర్దాడు. నీ పచ్చ పెట్టె జోలికి మాత్రం వెళ్ళనివ్వలేదు, పక్కనే నిలబడి చూశాను.

నువ్వు ఫోన్ చేసి 5 వారాలైంది. నిలదీయడానికి అనడం లేదు, లెక్క గుర్తుంది కాబట్టి చెబుతున్నాను. "బాగున్నా నాన్నా, తర్వాత మాట్లాడతా" అని నువ్వు పెట్టే మెసేజ్‌లు చూస్తూనే ఉన్నాను. వేళ్ళు నొప్పిగా ఉన్న రోజున అంతకంటే టైపు చేయడం కష్టమని తెలుసు.

మొన్న సరళత్త ఫోన్ చేసింది. ఎక్కడో కలిశావట కదా. "మీ అమ్మాయి చొక్కా తిరగేసి వేసుకుని వచ్చింది అన్నయ్యా. కుట్లన్నీ బయటికే కనిపిస్తున్నాయి. చెబితే నవ్వి ఊరుకుంది. ఒంటి మీద ధ్యాసే లేదు పిల్లకి. ఉద్యోగం కూడా మానేస్తానంటోందట" అంది. మీ అమ్మకి ఆ రాత్రి నిద్ర లేదు. నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. 40 ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. లోపలి వైపు పోగులు ఊడకుండా అంచుకి వేసే ఓవర్‌లాక్ కుట్టు ఎంత గరుకుగా ఉంటుందో, దారం తెగిన చోట కొస ఎలా గుచ్చుకుంటుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నువ్వు ధ్యాస లేక తిరగేసుకోలేదు, ధ్యాస పెట్టే తిరగేసుకున్నావు. ఆ మాటే సరళత్తకి చెప్పాను. నమ్మిందో లేదో.

ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. దాని కోసం ఈ ఉత్తరం రాయడం లేదు.

అత్తయ్య నీ కోసం ఊలు స్వెట్టర్ అల్లి పంపింది. మంచి మనసుతో అల్లింది, కానీ నీకు పంపడం లేదు. ఊలు పోగు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే మందంగా ఉంటే దాని కొస వంగదు, చర్మాన్ని పొడుస్తుంది. అది అలర్జీ కాదు, పొడుచుకోవడమే. మరీ సన్న పోగు ఊలైతే ఒంటికి తగిలితే వంగిపోతుంది, అంత బాధ ఉండదు. అత్తయ్య అల్లింది ముతక ఊలు. చేత్తో తడిమి చూస్తే నాకే తెలిసింది. నువ్వు వేసుకున్నావని మాత్రం చెప్పను, చెబితే ఇంకోటి అల్లుతుంది. నీ ఒంటికి పడదని నేనే చెబుతాను, ఆ మాట చెప్పే భారం నీకు వద్దు.

అక్క పెళ్ళికి కుట్టిన నీలం గౌను నీకు గుర్తుండే ఉంటుంది. నీకప్పుడు 16 ఏళ్ళు. ఆ గౌను 11 రోజులు కుట్టాను. పగలంతా గిరాకీల బట్టలు, రాత్రి నీ గౌను. నడుం దగ్గర చక్కగా కూర్చోవాలని పట్టీలో గట్టి కాన్వాస్ వేశాను. కింద గుండ్రంగా నిలబడాలని లోపల నాలుగు వరసల నెట్ కుచ్చు పెట్టాను. మెడ వెనక సన్న ముత్యాలు ఒక్కోటీ చేత్తో కుట్టాను. ఒక్కో ముత్యానికీ లోపలి వైపు ఒక్కో ముడి. ట్రయల్ వేసిన రోజు "మెడ దగ్గర గుచ్చుకుంటోంది నాన్నా" అన్నావు. కొత్త బట్ట అలాగే ఉంటుంది, రెండుసార్లు వేస్తే సర్దుకుంటుందన్నాను. నువ్వు మళ్ళీ అడగలేదు.

పెళ్ళిలో వచ్చినవాళ్ళందరూ ఎవరు కుట్టారని అడుగుతుంటే నేను పొంగిపోయాను. గంటన్నర గడిచింది. ఫొటోకి పిలిస్తే నువ్వు లేవు. వెతుక్కుంటూ వస్తే వెనక గదిలో మీ అమ్మ పాత నైటీ వేసుకుని, గోడకి వీపు ఆనించకుండా ముందుకి వంగి కూర్చున్నావు. గౌను మంచం మీద ముత్యం కూడా చెదరకుండా మడతపెట్టి ఉంది. ఎంత జాగ్రత్తగా మడతపెట్టావో ఆ పూట నా కంటికి ఆనలేదు. "నాలుగు గంటలు ఓర్చుకోలేవా? నా పరువు తీశావు" అని పక్క గదిలోవాళ్ళకి వినపడేలా అరిచాను. నువ్వు ఒక్క మాటా అనకుండా గౌను మళ్ళీ వేసుకున్నావు. ఫొటోలన్నిటిలోనూ నవ్వుతూనే ఉన్నావు. ఆ ఆల్బం నేను తెరిచి చాలా ఏళ్ళైంది.

మర్నాడు పొద్దున మీ అమ్మ నన్ను పిలిచి నీ మెడ, భుజాలు చూపించింది. అన్నీ ఎర్రటి గీతలే. ఆ గీతలు నా కుట్లు. ఎక్కడ మలుపు తిప్పానో, ఎక్కడ రెండోసారి మిషన్ వేశానో నీ ఒంటి మీద కనిపించింది. ముత్యాలున్న చోట వరసగా చుక్కలు. ఆ రోజు నమ్మాను. కానీ అందులోనూ తప్పు చేశాను తల్లీ. గీతలు కనిపించాయి కాబట్టి నమ్మాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పావు, దుప్పటి తగిలితే మంటగా ఉందని, జడ మెడ మీద పడితే నొప్పిగా ఉందని! చూస్తే ఏ గుర్తూ ఉండేది కాదు. "ఏం లేదు కదమ్మా" అనేవాణ్ణి. గుర్తు లేని నొప్పిని నమ్మడానికి నాకు ఇంకో ఆరేళ్ళు పట్టింది, అదీ డాక్టరమ్మ దీన్ని ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నొప్పులుండే జబ్బు అని పేరు పెట్టాక.

ఆవిడ గదిలో గోడకి ఒక బొమ్మ ఉండేది, గుర్తుందా? మనిషి బొమ్మ మీద ముందు వెనకా కలిపి 18 చుక్కలు. 1990లో పెట్టిన పద్ధతి ప్రకారం ఆ 18 చోట్ల సుమారు 4 కిలోల ఒత్తిడితో నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలట. 2010లో కొత్త పద్ధతి వచ్చింది, అందులో చుక్కలు నొక్కి లెక్కపెట్టక్కర్లేదు. ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పి, నిద్ర ఎలా పడుతోంది, అలసట ఎంత, ఇవన్నీ అడిగి తేలుస్తారు. రక్తపరీక్షలు ఎందుకంటే ఇంకో జబ్బేదైనా ఉందేమో చూడ్డానికి, ఈ జబ్బు రక్తంలో కనిపించదు. ఆవిడ ఇవన్నీ నీకు చెబుతుంటే నేను ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. తల వెనక, మెడ మొదట్లో ఒక చుక్క, లేబుల్‌కి కాస్త పైన. భుజం మధ్యలో ఒకటి, భుజం కుట్టు పడేది అక్కడే. తుంటి పక్కన ఒకటి, ప్యాంటు పక్క కుట్టు దాని మీదుగానే దిగుతుంది. మోకాలు లోపలి వైపు ఒకటి, కాలి కుట్టు దాన్ని రాసుకుంటూ పోతుంది. జీవితమంతా నేను చాక్‌పీసుతో గీసిన గీతలు ఆ చుక్కల మీదుగానే పోతున్నాయనిపించింది.

మామూలు తాకిడే నొప్పిగా తెలియడాన్ని అల్లోడీనియా అంటారని చెప్పింది. అది నాకు మిషన్ వల్ల అర్థమైంది. ఒక్కోసారి బట్ట బాగుంటుంది, సూది బాగుంటుంది, దారమూ మంచిదే, అయినా కుట్టు ముడుచుకుపోతుంది. చూస్తే దారం టెన్షన్ మర బిగుసుకుని ఉంటుంది. నీ చర్మంలో లోపం లేదు, కండలో దెబ్బ లేదు. మెదడు, నరాలు నొప్పిని అందుకునే చోట ఆ మర బిగుసుకుంది. అది నీ చేతుల్లో లేదు. బట్ట మాత్రం మన చేతుల్లో ఉంది.

పాఠం చెప్పకూడదనుకుంటూనే కూర్చున్నాను, కానీ ఇవి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. లేబుల్ కత్తెరతో కత్తిరించకు, మిగిలిన మొండి అంచు ఇంకా ఎక్కువ పొడుస్తుంది. కుట్టు విప్పే చిన్న పనిముట్టు నీ డబ్బాలో పెట్టాను, దానితో ఒక్కో పోగూ విప్పు. చేతులు నొప్పిగా ఉంటే నాకు పంపు, నేను విప్పుతాను. కొత్త బట్ట ఉతక్కుండా ఒంటి మీద వేసుకోకు. ముడతలు పడవని అమ్మే బట్టకి ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉన్న జిగురులాంటి పూత పట్టిస్తారు, సున్నితమైన చర్మానికి అది పడకపోవచ్చు. గంజి పెట్టకు. వాసన లేని సబ్బుపొడి వాడి, నీళ్ళలో ఒకటికి రెండుసార్లు జాడించు. మెత్తగా వస్తాయని వాసన ద్రవం పొయ్యకు. జీన్స్ గుండీ బొడ్డు దగ్గర తగిలి దద్దు వస్తే అది నికెల్ పడక కావచ్చు, లోపల మెత్తటి గుడ్డ ముక్క వేసి కుట్టుకో. అసలు జీన్స్ ఎందుకమ్మా? ఒక్కోటి అర కిలో పైనే బరువు. ఆ బరువంతా నడుం మీదే వేలాడుతుంది. నడుం బిగుతైతే తొడ పక్కకి వెళ్ళే నరం నొక్కుకుపోయి తొడ తిమ్మిరెక్కవచ్చు, అది ఈ జబ్బు లేనివాళ్ళకీ వస్తుంది.

నూలు మంచిదే కానీ చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, తడిసిన నూలు ఒంటికి రాసుకుంటుంది, చల్లబడుతుంది. బ్యాగులో ఇంకో బనియన్ పెట్టుకో. నీకు వేడీ చలీ రెండూ తట్టుకోవడం కష్టం కదా, ఒక్క మందపాటిది కాకుండా పల్చటివి రెండు మూడు వేసుకుంటే ఒక్కోటీ తీసేయొచ్చు. ఒకప్పుడు నీకు వదులు నచ్చేది కాదు, గట్టిగా చుట్టుకునే శాలువాతోనే హాయిగా ఉండేదానివి. ఇప్పుడు ఎలా ఉందో తెలియదు. అందరికీ ఒకటే పడదని డాక్టరమ్మ కూడా అంది. నీకేది హాయో నువ్వే చెప్పాలి.

కోటు సంగతి. ఆఫీసులో ఆ గట్టి కోటు తప్పకుండా వేసుకోవాలంటున్నారని, అందుకే మానేస్తానన్నావని సరళత్త అంది. నిజమో కాదో నాకు తెలియదు. నిజమైతే ముందు డాక్టరమ్మ దగ్గర చీటీ రాయించుకుని పైవాళ్ళకి చూపించు. మర్యాదగా, గట్టిగా అడుగు. మెడ దగ్గర నొప్పి మొదలైతే మెదడు ఇంకే పని మీదా నిలవదని చెప్పు. వాళ్ళకి కనిపించదు కాబట్టి నువ్వే చెప్పాలి. నేను ఒకసారి నమ్మలేదు కాబట్టి నీకిప్పుడు ఎవరికీ చెప్పబుద్ధి కావడం లేదేమోనని నా భయం. అలా అయితే ఆ తప్పు నాది, దాన్ని నువ్వు మొయ్యకు. చెప్పాక కూడా వాళ్ళు వినకపోతే మానెయ్. మేమేమీ అనం. మీ అమ్మ చేత కూడా ఒప్పించాను.

ఈ ఉత్తరంతో పాటు పార్సెల్‌లో 4 చొక్కాలు పంపుతున్నాను. బనియన్ గుడ్డ, రెండు తెల్లవి, రెండు లేత బూడిద రంగువి. కుట్లన్నీ బయటికి పెట్టాను. వాటి మీద అదే గుడ్డతో సన్న పట్టీ వేశాను, చూసినవాళ్ళకి డిజైన్‌లా ఉంటుంది, తిరగేసుకున్నావని ఎవరూ అనరు. భుజం మీద అసలు కుట్టే లేదు. చేతులు మెడ దగ్గర నుంచి చంకలోకి ఏటవాలుగా దిగుతాయి. తల మీదుగా వేసుకోవడం కష్టమన్నావు కదా, ముందు వైపు తెరుచుకునేలా పెద్ద గుండీలు పెట్టాను. కాజాలు చేత్తో కుట్టాను, మిషన్ కాజా అంచు గరుకుగా వస్తోంది. లేబుల్ బదులు లోపల ఏమీ పెట్టలేదు. ముందూ వెనకా తెలియడానికి కింది అంచున బయటి వైపు నీలం దారంతో ఒక చిన్న చుక్క వేశాను. మూడుసార్లు ఉతికి, నేను ఒక రాత్రి మెడ చుట్టూ వేసుకుని పడుకుని చూశాను. ఎక్కడా గుచ్చుకోలేదు, కానీ నా చర్మం వేరు. ఏదైనా తగిలితే అక్కడ పెన్నుతో సున్నా చుట్టి తిప్పి పంపు, విప్పి మళ్ళీ కుడతాను.

ప్యాంట్లు ఇంకా మొదలుపెట్టలేదు. నడుం దగ్గర నాడా కాకుండా రెండంగుళాల మెత్తటి పట్టీ వేద్దామనుకుంటున్నాను, వెడల్పుగా ఉంటే ఒత్తిడి ఒకే చోట పడదు. కానీ నా దగ్గరున్న కొలత పాతది, అదీ పొద్దున పూట నిలబడి తీసింది. ఈసారి సాయంత్రం తియ్యి, ఒళ్ళు బరువెక్కిన పూట, కూర్చుని. టేపు వద్దు, దాని అంచు గీసుకుంటుంది. మెత్తటి నూలు దారం నడుం చుట్టూ వదులుగా వేసి, కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, ఆ దారాన్నే కవర్లో వేసి పంపు. అంకె రాయక్కర్లేదు. చెయ్యి నొప్పిగా ఉంటే ఉత్తరం కూడా రాయక్కర్లేదు. దారం వస్తే చాలు.

నాన్న