మేడ మీది పూలకుండీల గురించి

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ముసురు వదలడం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నన్నాళ్లూ దయచేసి కుండీలకు నీళ్లు పోయకండి. చామంతి ఆకులు వాలిపోతే దాహమనుకుని కొందరు ఇంకో చెంబు పోస్తున్నారు. తడి మట్టిలో గాలి ఆడక వేర్లు కుళ్లినా ఆకులు అలాగే వాలతాయి. మట్టిలో రెండు కణుపుల దాకా వేలు గుచ్చి చూడండి, తడి తగిలితే నీళ్లు అక్కరలేదు.

నిన్న మా గులాబీ కుండీ ఎత్తి చూశాను. అడుగు రంధ్రంలో వేర్లు, బురద కలిసి బిరడాలా బిగుసుకున్నాయి. పుల్లతో పొడవగానే కుళ్లు వాసనతో నల్లటి నీరు కారింది. కింది పళ్లెం తీసేసి, కుండీని ఇటుక ముక్కల మీద నిలబెట్టాను. మీరూ ఈరోజే చూడండి. నల్లమచ్చలు పడిన గులాబీ ఆకులను తుంచి చెత్తలో వేయండి, కుండీలో వదలకండి. వాన తెరిపి ఇచ్చేదాకా ఎరువు వద్దు.

పిట్టగోడ మీది కుండీలు మాత్రం చీకటి పడేలోగా కిందికి దించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలి మన విశాఖను ఏం చేసిందో చూసినవాళ్లమే. మోయలేని పెద్దలెవరైనా ఉంటే ఇక్కడ ఒక్క మాట రాయండి, నేను వచ్చి దించిపెడతాను.