గంజాయి మానడం మనోబలంతోనే అయ్యే పనా?

సంపాదకులకు,

గంజాయితో పట్టుబడిన కుర్రవాళ్ల వార్తలు మన నెల్లూరు జిల్లా పేజీలో తరచూ వస్తున్నాయి. ఆ అలవాటును వాళ్లు ఎలా మానాలో మాత్రం ఎవరూ రాయరు. ‘గంజాయికి ఒళ్లు అలవాటు పడదు, మనసు గట్టిదైతే చాలు’ అనే మాట కావలిలో చదువుకున్నవారి నోటా వింటున్నాను. ఇది పూర్తి నిజం కాదు. రోజూ పీల్చేవాడు ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, అన్నం సహించదు, చీటికీ మాటికీ కోపం వస్తుంది. మొదటి వారం మరీ కష్టం. అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ లక్షణాలను 2013లోనే తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది.

మద్యాన్ని ఒక్కసారిగా ఆపడం ఇంతకన్నా ప్రమాదకరం. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమణం వచ్చి ప్రాణమే పోవచ్చు. మాన్పించాలని గదిలో పెట్టి తాళం వేసే పెద్దలకు ఈ సంగతి ఎవరు చెబుతారు? తాగుడు మాన్పించాలంటే మనిషిని తీసుకెళ్లవలసింది ఆసుపత్రికి. కొకైన్‌ మానితే శరీర బాధ తక్కువే గానీ, కోరిక నెలల తరబడి వెంటాడుతుంది. (మనసుదే కదా అని తేలిక చేసేవారు, మనసుకు మెదడుతో పని లేదనుకుంటారు కాబోలు!)

1992లో మన జిల్లాలోని దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. అప్పుడైనా, ఇప్పుడైనా సరుకు ఆపితే సరిపోదు, అలవాటు పడినవారికి వైద్యం కావాలి. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ కొన్ని కేసుల్లో విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. కేసు భయంతో బిడ్డను ఇంట్లో దాచుకునే తల్లిదండ్రులకు ఇది తెలియదు. అరెస్టు వార్తల పక్కనే ఈ సెక్షన్‌నూ, 14446 ఉచిత సహాయ నంబరునూ ప్రచురించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి